అద్దం ముందు: మైనం మీద కుంకుమ

రెండేళ్ళ కిందట మా పిన్ని కూతురి పెళ్ళికి విజయవాడ బయల్దేరుతున్నాను. సూట్‌కేసు సర్దుతుంటే పిన్ని ఫోను. మామూలుగా అయితే చాక్లెట్లు, బాదంపప్పు, బాబాయి మోకాళ్ళకి ఆయింట్‌మెంటు, ఇదీ జాబితా. ఈసారి కొత్తది వచ్చి చేరింది.

"ఒసే, మన బ్యుటీషియన్ క్రయోలాన్ తెమ్మంటోందే. మీ ఊరిదేనటగా, నీకు తెలుసు కదా?"

తెలుసనే చెప్పాను. ఇన్నేళ్ళుగా బెర్లిన్‌లో ఉంటూ, మన సంఘం ఫంక్షన్లన్నిటికీ పిల్లల ముఖాలకి రంగులు వేస్తూ, పైగా ఈ పేజీలో మీకు పాఠాలు చెబుతూ, తెలియదని ఎలా ఒప్పుకోను? ఫోను పెట్టేసి వెతికితే తేలిందేమిటంటే, మన ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళ మేకప్ పెట్టెల్లో, సినిమావాళ్ళ పెట్టెల్లో ఉండే ఆ డబ్బాలు పుట్టింది ఇక్కడే. యుద్ధం ముగిసిన 1945లోనే ఆర్నాల్డ్ లాంగర్ అనే కెమిస్టు బెర్లిన్‌లో పెట్టిన కంపెనీ అది. నాటకాలవాళ్ళకీ, సినిమావాళ్ళకీ కావలసిన రంగులు చేయడం వాళ్ళ పని. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

సరే, డబ్బాలు కొన్నాను, మోసుకెళ్ళాను. పెళ్ళి ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. మేకప్ మొదలైంది సాయంత్రం 5 గంటలకి. అప్పగింతలయ్యేసరికి తెల్లవారి 7. అంటే 14 గంటలు. మధ్యలో హోమం పొగ, వీడియోవాళ్ళ లైట్లు, నెత్తిన జీలకర్రా బెల్లం, పసుపు తలంబ్రాలు, చివర్లో ఏడుపు. మనిషి ముఖానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉంటుందా చెప్పండి!

ఆ బ్యుటీషియన్ చెయ్యి మంచిదే. కానీ మా పిన్ని వెనకాలే నిలబడి "ఇంకాస్త తెల్లగా, ఇంకాస్త తెల్లగా" అని గొణుగుతూనే ఉంది. మా చెల్లెలిది చక్కటి చామనఛాయ. ఆ అమ్మాయి ఎంత చెప్పినా పిన్ని వినలేదు. చివరికి రెండు షేడ్లు తెల్లటిది వేయక తప్పలేదు. రాత్రి 9 గంటలకి బ్రహ్మాండంగా ఉంది. 2 గంటలకి ముక్కు పక్కన, పైపెదవి మీద చెమట పట్టి, అద్దిన చోటల్లా అసలు రంగు బయటపడింది. అలా ఊడినచోట పౌడరు, మళ్ళీ ఊడితే మళ్ళీ పౌడరు. తెల్లవారేసరికి ముఖం బూడిదరంగు, మెడ చామనఛాయ, మధ్యలో దవడ వెంబడి గీత. ఆ గీత ఇప్పటికీ ఆల్బమ్‌లో ఉంది.

విమానంలో తిరిగొస్తూ అంతసేపూ దాని గురించే ఆలోచించాను. డబ్బా మంచిది, చెయ్యి మంచిది. ఇంకెక్కడుంది తప్పు? అక్కణ్ణించే ఈ నెల కబుర్లు.

ముందు కాస్త చరిత్ర చెప్పనివ్వండి, మన ఊరి గొప్ప కాబట్టి. రాత్రంతా రంగు నిలవాలన్న బాధ ముందు నాటకాలవాళ్ళది, పెళ్ళికూతుళ్ళది తర్వాత. పాత రోజుల్లో యూరప్ నటులు ముఖానికి రాసుకున్న తెలుపుల్లో సీసం ఉండేది. బాగా పట్టేది, బాగానే నిలిచేది, చర్మాన్నీ ఒంటినీ తినేసేది కూడా. లుడ్విగ్ లైష్నర్ అనే ఒపెరా గాయకుడు 1873లో బెర్లిన్‌లో ఒక కంపెనీ పెట్టి, సీసం లేని రంగుల్ని కొవ్వులో కలిపి, కడ్డీలుగా చేసి, వాటికి నంబర్లు వేసి అమ్మడం మొదలుపెట్టాడు. తను వేషం కట్టినవాడు కాబట్టి తన ముఖం సంగతి తనకి తెలుసు. అవే గ్రీజ్ పెయింట్లు. లండన్ నాటకాలవాళ్ళు కూడా ఫలానా నంబరూ ఫలానా నంబరూ కలిపి రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. అమెరికాలో మాక్స్ ఫ్యాక్టర్ టెక్నికలర్ సినిమాల కోసం పాన్‌కేక్ తెచ్చింది ఆ తర్వాత చాలాకాలానికి, 1937లో.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. వీధినాటకాలవాళ్ళు ముఖానికి అర్దళం పూసుకునేవాళ్ళు. కాగడాల వెలుగులో ఆ పసుపు నిగనిగలాడేది. తెల్లవార్లూ ఆట. ఆ అర్దళం ఏమిటో తెలుసా? ఆర్సెనిక్ సల్ఫైడ్. ఇక్కడ సీసం, అక్కడ ఆర్సెనిక్. ఒక్క రాత్రి రంగు నిలవడానికి జీవితాంతం ఉండాల్సిన చర్మాన్ని పణంగా పెట్టారు రెండుచోట్లా. ఇప్పుడు ఆ బాధ లేదనుకోకండి. ఊరినుంచి పేరూ ఊరూ లేని సుర్మాలూ, కాటుకలూ తెచ్చుకుంటాం కదా, వాటిలో కొన్నిటిలో ఇప్పటికీ సీసం బయటపడుతూనే ఉంది. కాటుకలోనైనా క్రీములోనైనా యూరప్ చట్టం సీసాన్ని ఒప్పుకోదు. చంటిపిల్లల కళ్ళకైతే అసలు వద్దు, అమ్మమ్మలు కోప్పడ్డా సరే.

ఇక లైష్నర్ కడ్డీల రహస్యం. అడుగున జిడ్డు, పైన పౌడరు. జిడ్డు చర్మాన్ని పట్టుకుంటుంది, పౌడరు జిడ్డుని పట్టుకుంటుంది. ఇది చదవగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పొద్దున స్నానం చేసి, నుదుట చిటికెనవేలితో కాస్త మైనం గుండ్రంగా రాసి, దానిమీద కుంకుమ అద్దేది. పొయ్యి దగ్గర చెమటకి కరిగేది కాదు, రాత్రి పడుకునేదాకా చెక్కు చెదిరేది కాదు. మైనం ఎక్కువ రాస్తే బొట్టు జారుతుంది, తక్కువైతే కుంకుమ ముక్కు మీద రాలుతుంది. "అంటీ అంటనట్టు ఉండాలే" అనేది. మేకప్ నిలబెట్టడం గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు నిజానికి. ఐనా పేజీ నింపాలి కాబట్టి చెబుతాను.

రంగు ఎందుకు పోతుంది? ఒకటి, మన చర్మం తనంతట తను నూనె వదులుతుంది. ఆ నూనెలో ఫౌండేషన్ కరుగుతుంది. రెండు, చెమట అడుగునుంచి రంగుని పైకి లేపుతుంది. మూడు, రాపిడి. చెయ్యి, రుమాలు, ఫోను, మఫ్లరు. ఊళ్ళో ఉన్నప్పుడు మన యుద్ధమంతా మొదటి రెండిటితో. ఐసు ముక్క గుడ్డలో చుట్టి ముఖానికి అద్దడం, పౌడరు మీద పౌడరు, అన్నీ అందుకే. ఆ విద్యంతా మూటగట్టుకుని బెర్లిన్ వచ్చి, జనవరిలో అదే పని చేస్తే ఏమవుతుంది? బయట మైనస్ 5, లోపల హీటింగు. గదిలో గాలి అప్పడంలా ఎండిపోయి ఉంటుంది. చెమటా లేదు, నూనే లేదు. పౌడరు ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. మొదటి సంవత్సరం సంక్రాంతికి నా ముఖం అలాగే ఉంది, సాక్ష్యానికి ఫోటోలున్నాయి, చూపించను.

కాబట్టి చలికాలం ఇక్కడ పని తలకిందులు. ముందు మంచి చిక్కటి క్రీము రాసి, పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాల్లో చీర కట్టుకోండి. క్రీము ఇంకకుండా ఫౌండేషన్ వేస్తే రెండూ కలిసి జారిపోతాయి. మా అమ్మమ్మ మైనం ఎక్కువైనట్టే. తర్వాత ఫౌండేషన్ బఠాణీ గింజంత. తడిపి పిండిన స్పాంజితో అద్దాలి, రుద్దకూడదు. చాలకపోతే ఇంకో సగం గింజ, కావలసిన చోట మాత్రమే. పౌడరు నుదురు, ముక్కు, గడ్డం, అంతవరకే. బుగ్గల జోలికి వెళ్ళకండి. జూన్‌లో సంగతి వేరు. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా సూర్యుడు దిగడు, క్రీము పల్చగా, పౌడరు కాస్త ఎక్కువగా. కార్నెవాల్ డేర్ కుల్టూరెన్ ఊరేగింపులో రోడ్డు మీద గంటలు గంటలు ఆడే పిల్లలకి అన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్. ఫౌండేషన్ సీసా మీద ఎస్పీఎఫ్ అని రాసుంది కదా అని ధైర్యపడకండి. ఆ సీసా మీద నంబరు పనిచేయాలంటే సున్నం కొట్టినట్టు కొట్టాలి.

మఫ్లరు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఈ ఊళ్ళో మేకప్‌కి అసలు శత్రువు అదే. ఇంట్లో గంటసేపు తయారై, ఊ-బాన్ స్టేషన్‌కి నడిచి, హాల్లో మఫ్లరు తీస్తే సగం గడ్డం దానికే అంటుకుని ఉంటుంది. నేనైతే పట్టు స్కార్ఫు ఒకటి లోపల వేసి, దానిమీద ఉన్నిది చుట్టుకుంటాను. దవడ దగ్గర మేకప్ హాలుకి వెళ్ళాక పూర్తిచేస్తాను.

పెదవులకి లిప్ పెన్సిల్‌తో మొత్తం నింపి, లిప్‌స్టిక్ వేసి, పల్చటి టిష్యూ ఒక పొర పెదవుల మీద పెట్టి దాని పైనుంచి పౌడరు అద్ది, మళ్ళీ లిప్‌స్టిక్. ఇంత చేసినా పులిహోర ముందు నిలవదు. నూనె నూనెని లాక్కుపోతుంది. గారెలూ అంతే, బిర్యానీ సరేసరి. తినేశాక తుడిచి మళ్ళీ వేసుకోండి, పండగపూట తిండి మానేసి లిప్‌స్టిక్ కాపాడుకోమని నేను చెప్పను. మధ్యలో ముఖం జిడ్డుగా అనిపిస్తే ముందు టిష్యూతో ఒత్తి తీయండి, పౌడరు ఆ తర్వాత. చెమట మీద పౌడరు కొడితే పిండిముద్దే. మా చెల్లెలి పెళ్ళిలో జరిగింది కొంతవరకు అదే.

చివర్లో కొట్టే ఫిక్సింగ్ స్ప్రేలో చాలావాటికి ప్రాణం పీవీపీ అనే పాలిమర్. దాన్ని కనిపెట్టిందీ జర్మన్ కెమిస్టే, వాల్టర్ రెప్పె, పేటెంటు 1939 నాటిది. ఆరాక కంటికి కనిపించని పొర కడుతుంది. అదే పాలిమర్ హెయిర్ స్ప్రేలో కూడా ఉంటుంది కదా అని కొందరు వదినలు హెయిర్ స్ప్రేనే ముఖానికి కొట్టేస్తున్నారు. మహానుభావులారా, వద్దు. అందులో ఆల్కహాలు ఎక్కువ, కళ్ళు మండుతాయి, చర్మం గరుకెక్కుతుంది. నాలుగు యూరోల దగ్గర పొదుపు చేసి నలభై యూరోల క్రీములు కొనుక్కోవడమెందుకు?

ఇవన్నీ చెయ్యి తిరిగితే ఎవరైనా చేస్తారు. మా చెల్లెలి దగ్గర తప్పింది వీటిలో కాదు. రంగులో తప్పింది. ఏ మేకప్ అయినా 14 గంటల్లో కొంత పోతుంది, దాన్ని బ్రహ్మదేవుడు కూడా ఆపలేడు. పోయినచోట కింద కనిపించేదీ, పైన ఉన్నదీ ఒకే రంగైతే పోయినట్టు ఎవరికీ తెలియదు. రెండు షేడ్లు తేడా ఉంటే పోయిన ప్రతి చుక్కా గోడమీద పెచ్చు ఊడినట్టు కనిపిస్తుంది. తెల్లరంగు కలిసినది మన చర్మం మీద బూడిదలా తేలడం అదనం.

ఇది పోయినేడాది మన ఉగాదికి పరీక్షకొచ్చింది. సత్యభామ ప్రవేశ దరువు ఆడే పాప ఉంది. పదకొండేళ్ళది, ఇక్కడే పుట్టింది, తెలుగు కంటే జర్మన్ ధాటిగా మాట్లాడుతుంది, నల్లటి పిల్ల, కళ్ళు ఇంతేసి. అంతకుముందు సంవత్సరం దానికి మేకప్ వేసింది నేనే. అందరిలాగే నేనూ తెల్లటి డబ్బా తీశాను, ఒప్పుకుంటున్నాను. అప్పుడేమీ అనలేదు. ఈసారి కుర్చీలో కూర్చోగానే అద్దంలో నా వైపు చూసి "ఆంటీ, పోయినసారి ఫోటోలో నేను లేను" అంది. నాకు అర్థం కాలేదు. "ఉన్నావుగా, మధ్యలో" అన్నాను. "అది నేను కాదు" అంది.

చేతిలో స్పాంజి చేతిలోనే ఉండిపోయింది.

వాళ్ళమ్మ పక్కనే ఉంది. "స్టేజి లైట్లకి కాస్త తెల్లగా ఉండాలి కదండీ" అంది. ఆవిడని తప్పుపట్టను, మనందరం నమ్మినదే అది. కానీ స్టేజి లైట్లు చేసేది వేరు. ఎదురుగా పడే వెలుతురు ముఖంలోని ఎత్తుపల్లాల్ని చదును చేసేస్తుంది. ముక్కు, కనుబొమలు, కళ్ళు పలకలా అయిపోతాయి. దానికి మందు గీతలు, తెలుపు కాదు. కనుబొమ చిక్కగా, కంటిగీత చెవివైపు పొడుగ్గా, బుగ్గమీద వెచ్చటి ఎరుపు. కూచిపూడిలో మగవాళ్ళే భామ వేషం కట్టిన రోజుల్లో, వేదాంతం సత్యనారాయణ శర్మగారి వంటివారు వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకి కూడా సత్యభామగా కనిపించారంటే అది ఆ కళ్ళూ, ఆ వాల్చూపూ. అదే చెప్పాను ఆవిడకి. ఆవిడ ఏమీ అనలేదు. సరే అని కూడా అనలేదు.

దాని రంగు డబ్బా నా పెట్టెలో అప్పటికే ఉంది. విజయవాడ నుంచి వచ్చాక కొన్నాను. ఒకప్పుడు ఇక్కడి షాపుల్లో గోధుమరంగు దాటితే ఏమీ దొరికేది కాదు, నిజమే. 2017లో రిహానా ఒక్కసారే 40 షేడ్లతో దిగాక మిగతావాళ్ళూ సర్దుకున్నారు. వెడ్డింగ్ పేటలో ఆఫ్రో షాపులూ ఉన్నాయి. పేట పేరు చూసి పెళ్ళి సామానంతా దొరుకుతుందనుకోకండి, ఫౌండేషన్ వరకు దొరుకుతుంది. కొనేటప్పుడు ముంజేతి మీద కాదు, దవడ మీద రాసి, షాపు లైట్ల కింద కాదు, ఫుట్‌పాత్ మీదకొచ్చి చూడండి. దారినపోయేవాళ్ళు చూస్తారు, చూడనివ్వండి. రెండు నిమిషాలాగి చూస్తే రాసింది ఎక్కడో మీకే కనిపించకపోతే, అదే మీ రంగు.

మేకప్ పూర్తయింది మధ్యాహ్నం 2 గంటలకి. ప్రోగ్రాం షీటులో దాని ఐటెమ్ 4 గంటలకి. మన సంఘం సంగతి మీకు తెలుసు. పంచాంగ శ్రవణం, సన్మానాలు, ముఖ్య అతిథిగారి ఉపన్యాసం, మైకు మొరాయింపు, అన్నీ అయి అది స్టేజి ఎక్కేసరికి రాత్రి 8 గంటల 10 నిమిషాలు. ఈ ఆరుగంటల్లో ఆ పిల్ల రెండుసార్లు నిద్రపోయింది, పులిహోర తింది, మెట్ల మీద దాగుడుమూతలాడింది. ఎక్కేముందు టిష్యూతో ఒత్తి, ముక్కు మీద ఇంత పౌడరు, పెదవులకి ఒక వరస. అంతే. దవడ కింద గీత లేదు, ముక్కు పక్కన మచ్చ లేదు. సగం మేకప్ ఎప్పుడో పోయిందని నాకు తెలుసు. హాల్లో ఇంకెవరికీ తెలియదు. జడ పట్టుకుని తెరమీంచి వేసి, తల ఇలా తిప్పి చూసిందండీ, నా పక్కన కూర్చున్న మామ్మగారు "అమ్మో!" అన్నారు.

ఇక తీయడం. నిలిచే రంగు వేసినప్పుడు తీయడం కూడా అంత శ్రద్ధగా చేయాలి. ఒక దీపావళి రాత్రి 2 గంటలకి ఇల్లు చేరి, ఒళ్ళు బద్ధకించి అలాగే పడుకున్నాను. పొద్దున కుడికన్ను రేగుపండులా వాచింది, వారం రోజులు డాక్టరు ఇచ్చిన చుక్కలు. వాటర్‌ప్రూఫ్ సరుకు నీళ్ళకి రాదు, పేరులోనే ఉంది కదా. పైగా మన బెర్లిన్ నీళ్ళు సున్నపు నీళ్ళు, కెటిల్‌లో చూస్తున్నారుగా పేరుకునే కాల్క్. సబ్బూ ఆ నీళ్ళూ కలిపి రుద్దితే చర్మం బిగుసుకుపోతుంది తప్ప రంగు పోదు. ముందు నూనెతో మెల్లగా కరిగించి దూదితో తీసి, తర్వాత మెత్తటి ఫేస్‌వాష్. ఇంకొకటి, డబ్బాల వెనక మూత తెరిచిన డబ్బీ బొమ్మలో "6 ఎమ్", "12 ఎమ్" అని ఉంటుంది చూడండి, తెరిచాక అన్ని నెలలే వాడమని. 2005 నుంచి యూరప్‌లో అది తప్పనిసరి. పెళ్ళినాటి మస్కారా ఇంకా దాచుకున్నవాళ్ళు ఈరోజే పారేయండి. పిల్లలందరికీ ఒకే కాటుక పెన్సిలు తిప్పడం కూడా ఇకనుంచి మన సంఘంలో బంద్, నేను మొదలుపెట్టేశాను.

ఆ రాత్రి హాలు బాత్రూములో సింకు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనెతో సత్యభామ ముఖం తుడిచాను. దూది నిండా గోధుమరంగు. ఒక బుగ్గ పూర్తయ్యాక అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఆంటీ, ఏది తీసేశావు, ఏది తీయలేదు?" అని అడిగింది. వాళ్ళమ్మ వెనకనుంచి వచ్చి, నా పెట్టెలోంచి ఆ డబ్బా తీసి, అడుగున నంబరు చూసి ఫోనులో రాసుకుంది.

వచ్చే సంచికలో జుట్టు గురించి. ఈ సున్నపు నీళ్ళకి రాలుతున్న జుట్టు గురించి మీలో చాలామంది అడిగారు. మీ ఇంట్లో ఏం చేస్తున్నారో ఈలోగా నాకు రాయండి.